వాచిన కాలికి ఊరంతా డాక్టర్లే

నేను రిటైరైన రోజు మా దవాఖాన హాల్లో సభ పెట్టారు. మాట్లాడినవాళ్లంతా నా సమయపాలన గురించే చెప్పారు. ఒక డాక్టరు వేళకు వచ్చేవాడని పొగిడారంటే, పొగడటానికి ఇంకేదీ గుర్తురాలేదని అర్థం. బతుకులో సగం క్యాజువాలిటీ బల్ల పక్కన నిలబడి గడిపినవాడికి దక్కిన కితాబు అది. గోడ గడియారానికి కూడా అదే కితాబు ఇవ్వొచ్చు.

నాకు ఫిర్యాదుల మనిషినని పేరుంది. అబద్ధం కాదు. నన్ను తీసిపారేసినవాళ్లను నేను మరచిపోను. దవాఖాన పేరు మాత్రం ఇక్కడ రాయను. రాస్తే వాళ్లకు ప్రచారం. అయితే నా ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద నడిచాయి. అది కాళ్ల వాపు. క్యాజువాలిటీలో కొత్తగా చేరేవాళ్ల కోసం అదే రాస్తున్నాను.

పాము కరిచినవాడు వస్తే జనం పక్కకు తప్పుకుంటారు. ఛాతీ పట్టుకుని వచ్చినవాడికి స్ట్రెచర్ ఎదురొస్తుంది. ఒక్క కాలు వాచి కుంటుకుంటూ వచ్చినవాడికి మాత్రం "జర గా బెంచి మీద కూసో" అని చెబుతారు. ఆ కాల్లో, లోపలి పెద్ద సిరలో, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే బెంచి మీద మాట్లాడుతున్న మనిషి ఆ మాట పూర్తి చేయడు. ఇంత ప్రమాదమున్న రోగానికి ఇంత తక్కువ మర్యాద దక్కడం నేనెక్కడా చూడలేదు. ఆ విషయంలో నాకూ దానికీ కొంచెం పోలిక ఉంది.

పసుపు కింద కాలు

మా ఆర్మూర్‌లో పసుపు అమ్ముకునే సరుకే కాదు, మొదటి డాక్టరు కూడా. బెణికినా, దెబ్బ తగిలినా, నరం పట్టినా, దిష్టి తగిలినా పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తారు. పైన జిల్లేడాకులు కట్టి, అప్పటికీ తగ్గకపోతే మా దగ్గరికి వస్తారు. చర్మం ఎర్రగా ఉందా, నీలంగా ఉందా అని పుస్తకం అడుగుతుంది. మా ఊళ్లో అన్ని కాళ్లదీ ఒకటే రంగు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో కూలీల కాళ్లూ చేతులూ పట్టు లేకుండానే పచ్చగా ఉంటాయి. కామెర్లను కూడా కళ్లల్లోనే వెతుక్కోవాలి.

కాబట్టి మొదటి పని కాలు కడిగించడం. రెండో పని, రెండో కాలు చూడటం. వాచిన కాలును అందరూ చూస్తారు. వాయని కాలును కూడా చూస్తేనే వాపు ఎంతో తెలుస్తుంది. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి అరజానెడు కిందికి వచ్చి, రెండు పిక్కలనూ ఒకే చోట కొలవాలి. మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే మీ అనుమానం నిద్ర లేవాలి.

అందుకని నా జేబులో దర్జీ టేపు ఉండేది. మా దవాఖాన కమిటీ చైర్మన్ పసుపు కమీషన్ ఏజెంటు. నేనొక రైతు పిక్క కొలుస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి, "ఏం సాబ్, ప్యాంటు కుడుతున్నవా? నాగ్గూడ ఒకటి కుట్టు" అన్నాడు. అందరూ నవ్వారు. రైతు కూడా నవ్వాడు. నేను కొలుస్తున్నది అతని కాలునే. ఆ రోజు నుంచి దవాఖాన మొత్తానికి నేను టైలర్ సాబ్‌ను.

పెద్దసారు పాదం వంచేవాడు

సూపరింటెండెంటును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన సర్జన్. కత్తి పట్టిన చేతి గురించి నేనొక్క మాట అనను; అపెండిక్స్ తీయడంలో ఆయనను మించినవాణ్ణి చూడలేదు. ఆయన నాకు చేయని న్యాయం నేను ఆయనకు చేస్తున్నాను. కాళ్ల విషయంలో మాత్రం ఆయనకు తెలిసినవి రెండే రోగాలు, చీము లేదా నీరు. గడ్డ అనే మాట ఎత్తితే పాదం పట్టుకుని పైకి వంచేవాడు.

"పిక్కల నొప్పైతున్నదా?"

"లేదు సారు."

"అయితే గడ్డ లేదు. పో."

ఈ పరీక్షను మీరు నమ్మకండి. గడ్డ ఉన్నా పాదం వంచితే నొప్పి లేనివాళ్లున్నారు. నొప్పి అని అరిచినవాళ్లలో చాలామందికి గడ్డ ఉండదు. దీనికంటే చిలక జోస్యం నయం, అందులో చిలకైనా కష్టపడుతుంది.

మహారాష్ట్రలోని సాంగ్లీ మార్కెట్‌కు పసుపు లోడు తోలే లారీ డ్రైవర్ ఒకడు ఇట్లాగే వచ్చాడు. రోజుల తరబడి సీట్లోనే కూర్చుని రావడంతో ఒక పిక్క బండలా గట్టిపడింది. పెద్దసారు పాదం వంచి చూసి, నీరు పట్టిందన్నాడు. ఎవరితోనైనా కాళ్లు పిసికించుకోమని చెప్పి పంపాడు. డ్రైవర్ గేటు ఎదురుగా హోటల్లో కూర్చుని క్లీనర్‌తో కాలు పిసికించుకున్నాడు. లేచి నిలబడి అక్కడే కూలిపోయాడు. లోపలికి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది.

"గుండెపోటు" అన్నాడు పెద్దసారు.

"పిక్కలోని గడ్డ కదిలింది సార్" అన్నాను.

"గుండె ఆగింది గదయ్యా. ఆగితే గుండెపోటే. గుండె ఆగకుండ ఎవడన్న సచ్చిండా?"

జవాబు లేని వాదనలే మా దవాఖానలో నెగ్గేవి. నా మొండితనం పుట్టుకతో వచ్చిందని ఇంట్లోవాళ్లు అంటారు కానీ, కాళ్ల విషయంలో అది ఆ రోజు వచ్చింది.

తాళం వేసిన గది

మరి స్కాన్ చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. స్కాన్ మెషీన్ ఉండేది. గది తలుపు మీద, కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం నేరమనే బోర్డు ఉండేది. ఆ చట్టం అవసరమైనదే, దాని మీద నాకే గొడవా లేదు. కానీ దాని ప్రకారం మెషీన్ ఆ గది దాటకూడదు, పేరు నమోదైన డాక్టరే ముట్టుకోవాలి. ఆయన నిజామాబాద్ నుంచి వారంలో రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజులు గదికి తాళం. కాళ్లు మాత్రం వారమంతా వాచేవి.

గజ్జ దగ్గరా, మోకాలి వెనకా సిర మీద స్కాన్ పరికరం ఆనించి నొక్కితే, మంచి సిర అణిగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. ఆ మాత్రం శిక్షణ తీసుకుంటాను, నా పేరు కూడా నమోదు చేయించండని కమిటీకి అర్జీ పెట్టుకున్నాను.

చైర్మన్ అందరి ముందూ చదివించి, "ముసలోళ్ల పిక్కలల్ల ఆడపిల్లున్నదా మొగపిల్లగాడున్నడా జూస్తవా టైలర్ సాబ్?" అన్నాడు.

మళ్లీ నవ్వులు. నవ్వినవాళ్ల పేర్లు నాకు వరుసగా చెప్పడం వచ్చు.

డ్రిప్పు పెట్టిన ఇంట్లో నీళ్లు బంద్

ఒక పొద్దున అంకాపూర్ నుంచి శ్రావణి అనే బాలింతను తీసుకొచ్చారు. వెంట తల్లి గంగవ్వ, తండ్రి లింగారెడ్డి. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్ల. కాన్పు తేలిగ్గానే అయింది, బిడ్డ బాగుంది. మర్నాడు తొట్టెల, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసే పండుగ. చుట్టాలు అప్పటికే దిగిపోయారు.

"ఏం లేదు సారు, ఎడమ కాలు పట్టుకపోయింది. ఒక సూది ఏసి తోలు" అంది గంగవ్వ. "మాపటికి అవ్వ వస్తది నూనె వెట్టి తోమనీకి. రేపు పిల్ల బాయికాడికి నడవాలె."

మా వైపు తొట్టెల నాడు బాలింత తలంటుకుని, బావి దాకా నడిచి పూజ చేస్తుంది. అంతకు ముందు స్నానం పోసే అవ్వ వచ్చి, నూనె పెట్టి, ఒంట్లో పట్టు విడిచేదాకా కాళ్లూ చేతులూ గట్టిగా పిసుకుతుంది. మామూలు కాళ్లకు అది సుఖమే.

పాదం నుంచి తొడ దాకా పసుపు పట్టు ఉంది. కడగాలన్నాను.

"కడుగుడా? మా శేను పసుపు సారు! మార్కెట్ యార్డుల మాదే మంచి సరుకన్నరు."

"పసుపు మీద నాకు అనుమానం లేదు గంగవ్వా. దాని కింద కాలు మీద ఉంది."

సిస్టర్ సుగుణ గోరువెచ్చని నీళ్లతో కడిగింది. పట్టు కింద కాలు గజ్జ దాకా వాచి, నున్నగా మెరుస్తూ, నీలం తిరిగి ఉంది. కుడి కాలు పక్కన పెడితే రెండూ ఒకే మనిషివి అనిపించలేదు. కొలవాల్సిన అవసరమే లేదు, అయినా కొలిచాను. ఆయాసం ఉందా అని అడిగితే లేదంది శ్రావణి. నాకు మాత్రం 'ఇంకా లేదు' అనే వినపడింది.

"నీళ్లు బాగా తాగుతున్నవా అమ్మా?"

ఆమె తల్లి వైపు చూసింది.

"బాలింతకు నీళ్లేంది సారు, కడుపు పెరుగదా!" అంది గంగవ్వ. "గొంతు తడుపుకునేటంత ఇస్తున్నం."

"నడుస్తున్నదా?"

"నడుసుడా? నా బిడ్డను నేను మంచం దిగనియ్యలె." ఆ మాట చాలా గర్వంగా చెప్పింది.

లింగారెడ్డి విత్తన పంటలు పండించే రైతు. అతని చేలో ప్రతి మొక్క మొదట్లో డ్రిప్పు పైపు ఉంటుంది. ఏ మడికి నీళ్లు ఎప్పుడు అందాయో ఫోనులో చూసుకుంటాడు. అదే ఇంట్లో కాన్పైన పిల్ల, చెవులకు గుడ్డ కట్టుకుని, కుంపటి పక్కన మంచం మీద ఎండిపోతోంది. కాన్పు తర్వాత కొన్నాళ్లు రక్తానికి తొందరగా గడ్డకట్టే గుణం ఉంటుంది. పైగా మనిషిని కదలనివ్వకుండా, నీళ్లివ్వకుండా ఉంచితే, బిడ్డ కంటే ముందు గడ్డకు తొట్టెల కట్టినట్టే.

పెద్దసారు రౌండ్స్‌కు వచ్చాడు. పాదం వంచాడు. నొప్పి లేదంది శ్రావణి.

"బాలింత నీరయ్యా. నీరు పోయే సూది ఏసి పంపు."

"ఒక్క కాలే వాచింది సార్, గజ్జ దాకా. ఆ సూది వేస్తే ఒంట్లో ఉన్న కాస్త నీరు కూడా పోతుంది. గడ్డ పెరగకుండా ఆపే సూది ఇచ్చి స్కాన్‌కు నిజామాబాద్ తీసుకుపోదాం."

"స్కాన్ లేకుండనే సూదా? పచ్చి బాలింత. రక్తం పోతే ఎవడు జవాబు చెప్తడు?"

"రక్తం పోవడం ఆగిందట, కుట్లు మానాయి. సిస్టర్ చూసింది. అనుమానం ఇంత బలంగా ఉన్నప్పుడు స్కాన్ కోసం సూది ఆపకూడదు."

"టేపు పెట్టినవా?"

"పెట్టిన సార్."

"ఇంకేం, టైలర్ సాబ్ కొలత తీసిండు. నీ బాధ్యత మీద ఇయ్యి. సంతకం జెయ్యి."

చేశాను. నా మాట మీద లేని నమ్మకం నా సంతకం మీద ఆయనకు ఎప్పుడూ ఉండేది.

ఇదంతా గంగవ్వ వింది. "పెద్దసారే ఏం లేదంటుంటె గీ సారెందుకు బెదిరిస్తుండు? ఇంటి నిండ సుట్టాలను వెట్టుకొని దవాఖానల పండవెడ్తమా? లే బిడ్డా, పోదాం."

శ్రావణి లేచి కూర్చుంది. ఆమె ఇంటికి పోతే సాయంత్రానికి నూనె గిన్నెతో అవ్వ వస్తుంది. ఆ లారీ డ్రైవర్ కూడా అట్లాగే లేచి వెళ్లాడు. నేను గంగవ్వను వదిలేసి లింగారెడ్డి వైపు తిరిగాను.

"లింగారెడ్డీ, నీ చేనులోంచి నీళ్లు బయటికి పోయే కాలువ చెత్తతోని పూడిందనుకో. ఏమైతది?"

"నీళ్లు నిలుస్తయి సారు. శేను ఉబ్బుతది."

"ఈ కాలు అదే. ఆ కాలువ పోయి చేరే గుంటలో నీ మోటరు నడుస్తున్నదనుకో. చెత్తను కట్టెతోని పొడిచి ముందుకు తోస్తే?"

"ఎవడన్న తోస్తడా! వోయి మోటరు పైపు కింద ఫుట్‌వాల్‌ల ఇరుకుతది. మోటరు బంద్ వడ్తది."

"మాపటికి అవ్వ వచ్చి చేసేది అదే."

అతను కూతురి కాలు వైపు చూశాడు. "మోటరంటె... గుండెనా సారు?"

"గుండె, ఊపిరి, రెండూ."

"అవ్వకు ఫోన్ జేసి రావద్దని చెప్పు" అన్నాడు భార్యతో.

"మరి తొట్టెల?"

"తొట్టెల యాడికి వోతదే? ఇంకోనాడు కట్టుకుందాం. పిల్ల వోతె మల్ల దొరుకుతదా?"

సూది వేశాను. గంగవ్వ దారిలో మనసు మారుస్తుందని నాకు గట్టి అనుమానం, అందుకని అంబులెన్సులో నేను కూడా ఎక్కాను.

నార్మల్ అన్నారు

నిజామాబాద్‌లో స్కాన్ చేసింది, మా దవాఖానకు వారంలో రెండుసార్లు వచ్చే ఆ డాక్టరే. మోకాలి వెనకా తొడ మీదా పరికరం పెట్టి నొక్కాడు. సిర అణిగింది. "నార్మల్" అన్నాడు.

గంగవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా మీదే ఉంది. "జూసినవా సారు? అందరి నోట్ల మన్ను గొట్టినవు. ఇగ నడువుండ్రి ఇంటికి." ఫోనులో పెద్దసారు కూడా అదే అన్నాడు, సూది బంద్ చేసి వాపసు రమ్మన్నాడు.

కొత్తవాళ్లు ఇక్కడ ఆగి వినాలి. స్కాన్, పెట్టిన చోటి గురించే చెబుతుంది. పెట్టని చోటి గురించి దానికి తెలియదు. బాలింతల్లో గడ్డ చాలాసార్లు ఎడమ పక్కన, కటి లోపలి సిరలో మొదలవుతుంది. అక్కడ పరికరంతో నొక్కడం కుదరదు, రక్తం పారుతున్నదా లేదా చూడాలి. రక్త పరీక్ష ఒకటుంది కదా అంటారు. అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో గడ్డ లేదని తేల్చడానికి అది మంచిదే. బాలింతలో కాన్పు వల్లనే అది పాజిటివ్ వస్తుంటుంది కాబట్టి ఏమీ తేల్చదు. ఇట్లాంటప్పుడు మీకు మిగిలేది మీరు కళ్లతో చూసిన కాలు ఒక్కటే. గజ్జ దాకా వాచిన కాలును తొడ దాకా చూసి నార్మల్ అంటే ఒప్పుకోవద్దు.

"ఇంకా పైకి చూడండి, పొత్తికడుపులో" అన్నాను.

"కడుపుల గ్యాసుంటది. కనవడది."

"కనబడలేదని రాయండి. లేదని రాయకండి."

"నాకు నేర్పుతున్నవా?"

"నేర్పుతున్న."

ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత నలుగురు చెప్పారు. నాకు అట్లా అనిపించలేదు. ఆయన నా తప్పు నిరూపించాలన్న కసితో పరికరాన్ని పొత్తికడుపు మీద పెట్టి గట్టిగా ఆనించాడు. కొంతసేపు నన్ను తిడుతూనే చూశాడు. తర్వాత తిట్లు ఆగిపోయాయి. "ఊపిరి మెల్లగ తీస్కో అమ్మా, కదలకు" అన్నాడు వేరే గొంతుతో. కుడి పక్క సిరలో రక్తం పారుతోంది. ఎడమ పక్క ఏమీ పారడం లేదు.

స్క్రీను నా వైపు తిప్పలేదు. రిపోర్టు మాత్రం మార్చాడు. ఆయన నుంచి నేను అందుకున్న క్షమాపణ అంతే, దాన్ని ఆ లెక్కలోనే జమ చేసుకున్నాను.

అప్పటిదాకా అడిగినదానికే జవాబు చెప్పిన శ్రావణి అడిగింది: "సారు, గీ సూది ఏసుకుంటె పిల్లకు పాలియ్యొచ్చా?"

"ఇయ్యొచ్చమ్మా. ఏం కాదు."

అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి ముగ్గురు డాక్టర్లం ఆ కాలు గురించి తగాదా పడుతున్నాం. కాలు గల మనిషి దేనికి భయపడుతున్నదో ఎవరూ అడగలేదు.

పేరు ఎవరికి వచ్చింది

శ్రావణి బతికింది. కొన్ని నెలలు మందులు వాడింది, కాలు చాలా వరకు తగ్గింది. తొట్టెల ఆలస్యంగానైనా ఘనంగా చేశారు. సరైన సమయంలో కనిపెట్టి నిజామాబాద్ పంపినందుకు పెద్దసారుకు దండ వేశారట. నాకు పిలుపు రాలేదు. మెమో వచ్చింది, అనుమతి లేకుండా అంబులెన్సు ఎక్కినందుకు. ఆ విందులో దేశీ కోడి కూర బ్రహ్మాండంగా ఉందని పెద్దసారు నాకు ప్రత్యేకంగా చెప్పాడు.

గంగవ్వ లెక్క వేరు. కూతుర్ని చూపించడానికి వచ్చినప్పుడు క్యాజువాలిటీ బెంచీ మొత్తానికి చెప్పింది: "మా శేను పసుపు పట్టు ఏసినం గావట్టి గడ్డ ఆడనే ఆగింది. గీ సారు కడిగి పారేసిండు. కడగకుంటె నిజామాబాద్ దాక పోయే పనే లేకుండె."

నేను నోరు తెరిచాను. లింగారెడ్డి నా చెయ్యి పట్టుకుని, "ఊకో సారు. ఇంట్ల నేను గూడ గెలువలేను" అన్నాడు.

తర్వాత కొన్నాళ్లకు గంగవ్వ ఆటోలో వచ్చింది, పక్కింటివాళ్ల కోడలిని వెంటబెట్టుకుని. ఆ పిల్ల కూడా బాలింతే. కుడి కాలు వాచింది.

"అవ్వ నూనె గిన్నె పట్టుకొని వాకిట్ల నిలవడ్డది సారు. నేనే ఆపిన. వీళ్ల అత్త నా మీద మస్తు లొల్లి వెట్టుకున్నది. జూడు మరి."

చూశాను. వేళ్ల మధ్య చిన్న పుండు ఉంది, పాదం ఎర్రగా కాలిపోతోంది, జ్వరం ఉంది. తొడ మామూలుగా ఉంది. ఆ రోజు స్కాన్ డాక్టరు ఉన్న రోజే కాబట్టి చూపించాను. ఆయన నేనేమీ అడగకముందే పొత్తికడుపు దాకా చూశాడు. గడ్డ లేదు. వాచిన కాళ్లలో ఎక్కువ భాగం ఇట్లాంటివే, ఈ మాట పెద్దసారు తరఫున రాస్తున్నాను.

"గడ్డ కాదు గంగవ్వా. చీము పట్టింది. మందులిస్తాను, తగ్గుతది."

గంగవ్వ ముఖం వెలిగిపోయింది. బెంచీ వైపు తిరిగి, "ఇన్నరా? గీ సారు అన్ని కాళ్లకు గడ్డ గడ్డ అంటడనుకున్న. ఒక్కపారన్న గాదన్నడు!" అంది. తర్వాత నాతో, "ఉత్తగనె ఆగం జేసినవు నన్ను" అంది.

"ఆగం కాదు. మళ్లీ ఎవరికైనా ఒక్క కాలు వాస్తే తోమించకుండ తీసుకురా."

"తెస్త. నువ్వు జెప్పినవని గాదు. నాకనుమానమైతె తెస్త."

కోడలి భుజం పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆ అనుమానం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆమె చెప్పలేదు. అది నా దగ్గర నేర్చుకున్నదేనని ఒప్పించుకుందామని గుమ్మం దాకా వెళ్లాను. ఆటోలో ఆమె అప్పటికే ఆ పిల్లకు నీళ్ల సీసా మూత తీసి ఇస్తూ, ఇంటికి పోయినాక అత్తకు ఏం చెప్పాలో నేర్పిస్తోంది. వెనక్కి వచ్చేశాను. నా సర్వీసులో పెట్టకుండా వదిలేసిన ఫిర్యాదు అదొక్కటే.